ఇంటి కంప్యూటరుకు రెండు తాళపుచెవులు

(సంఘ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



శ్రీవిల్లిపుత్తూరులో తెలుగువారు సభ చేసుకొంటే మాట్లాడవలసినది గోదాదేవిని గురించి, కృష్ణదేవరాయలవారి ఆముక్తమాల్యదను గురించి. రాయలవారంతటివారు ఈ ఊరి కథను తెలుగు కావ్యముగా వ్రాసినారు గనుక ఇక్కడ మనము పరాయివారము కామని ప్రతి సంవత్సరాదికి ఎవరో ఒకరు గుర్తుచేస్తూనే ఉన్నారు. ఆ పని చేయగల పండితులు ఈ సభలో ఉన్నారు. మేము మెట్రిక్యులేషను దాకా చదివి, రైల్వేలో గుమాస్తా పని చేసుకొనేవారము. మాకు వచ్చిన విద్య టిక్కెట్లు, లెక్కలు, వాటి వెంట వచ్చిన కంప్యూటరు. "మీకు తెలిసినదే చెప్పండి, అదే చాలు" అని కార్యదర్శిగారు ధైర్యము చెప్పినందువల్ల ఇక్కడ నిలబడినాము.

ఈ సంవత్సరము పేరు పరాభవ. పేరు చూచి ఎవరూ దిగులుపడనక్కరలేదు. అయితే మన ఇంట్లో, మన డబ్బు పెట్టి కొన్న యంత్రము ముందు మనమే కూర్చొని, తెరమీద మన పేరే కనబడుతుండగా, "పాస్‌వర్డు సరికాదు" అనిపించుకోవడము ఒక చిన్న పరాభవమే గదా! ఈ మధ్య మన కుటుంబములలో ఈ పరాభవము తరచుగా జరుగుతున్నది. సాయంత్రము డ్యూటీ దిగి ఇంటికి వచ్చేసరికి ఎవరో ఒకరు సంచిలో లాప్‌టాప్ పెట్టుకొని అరుగుమీద కూర్చొని ఉంటారు. "తెరుచుకోవడము లేదండీ" అంటారు. ఆ మాటను గురించే ఈ నాలుగు ముక్కలు.

ముందుగా మా తప్పు ఒకటి చెప్పుకోవాలి.

మా వీధిలో ఒక పెద్దాయన ఉండేవారు. బడిపంతులుగా చేసి విశ్రాంతి తీసుకొన్నవారు. కోవిల్‌పట్టి మొదలు విరుదునగరము వరకు ఉన్న నల్లరేగడి పల్లెలలో మన తెలుగు కుటుంబములు తరతరాలుగా ఉన్న సంగతి మీకు తెలియనిది కాదు. వారు ఇంట్లో మాట్లాడేది తెలుగు, చదివేది వ్రాసేది తమిళము. ఆ ఇండ్లలోని ముసలమ్మలు పాడే పెండ్లిపాటలు, లాలిపాటలు, పత్తి ఏరేటప్పుడు పాడుకొనే పాటలు ఏ పుస్తకములోను లేవు. పెద్దాయన బస్సులెక్కి ఆ పల్లెలు తిరిగి ఆ పాటలన్నీ ఫోనులో పట్టుకొని వచ్చి, ఇంట్లో కంప్యూటరులో భద్రము చేసేవారు. వందకు పైబడిన పాటలు. కోవిల్‌పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కీ. రాజనారాయణన్‌గారు తెలుగు ఇంటివారే. మన పెద్దలు ఈ నేలకు వలస వచ్చిన కథను 1976 లో "గోపల్ల గ్రామం" అను నవలగా తమిళములో వ్రాసి నిలిపినారు. వ్రాసినది గనుక అది నిలిచినది. మన పెద్దాయన పట్టిన పాటలు మాత్రము కంప్యూటరులోనే ఉండిపోయినవి.

ఆ కంప్యూటరును ఆయనతో వెళ్ళి కొనిపించినది మేమే. మొదట తెరిచి సర్ది పెట్టినదీ మేమే. ఆయన పాస్‌వర్డు కొట్టేటప్పుడు మర్యాదకు ముఖము తిప్పుకొన్నాము. ఆ మర్యాద మంచిదే. కాని "మాస్టారూ, మీకు ఒంట్లో బాగుండకపోతే దీనిని ఎవరు తెరుస్తారు?" అని అడగవలసినది అడగలేదు. పెద్దవారిని అటువంటి మాట అడగడము అశుభమనిపించినది.

రెండేండ్ల క్రితము ఆయన హఠాత్తుగా కాలము చేసినారు. మేము అప్పుడు సెలవు పెట్టి నెల్లూరు వైపు పెండ్లికి పోయి ఉన్నాము. పింఛను కాగితముల నకళ్ళు కంప్యూటరులో ఉన్నవని తెలిసి, ఆయన భార్యగారు దానిని ఒక దుకాణమునకు పంపినారు. దుకాణములోని అబ్బాయి ఫోను చేసి, "డేటా కావాలా అమ్మా?" అని అడిగినాడట. డేటా అంటే ఫోనుకు వేయించుకొనే ఇంటర్నెట్టు అని ఆమెకు తెలుసు. "ఫోనులో ఉన్నది చాలు నాయనా, డేటా ఏమీ వద్దు" అన్నారు. అతడు డిస్కంతా తుడిచి, కొత్తగా విండోస్ వేసి, శుభ్రముగా పంపించినాడు. అతడు అడగవలసినది అడిగినాడు. ఆమె తనకు అర్థమైన ప్రశ్నకు జవాబు చెప్పినారు. పాటలు పోయినవి.

మేము తిరిగి వచ్చి ఆ డిస్కును మరొక యంత్రమునకు తగిలించి, పోయిన ఫైళ్ళను వెతికే సాధనముతో మూడు రాత్రులు వెతికినాము. తొమ్మిది పాటలు దొరికినవి, వాటిలో కొన్ని సగము సగమే. అది పాతకాలపు తిరిగే డిస్కు గనుక ఆ మాత్రమైనా దొరికినది. ఇప్పటి ఎస్.ఎస్.డి. డిస్కులలో ఒకసారి తుడిచిన తరువాత సాధారణముగా ఏమీ మిగలదు. అసలు బాధ ఏమంటే, ఆ డిస్కుకు గుప్తీకరణ లేదు. పాస్‌వర్డు తెలియకపోయినా పాటలన్నీ అరగంటలో పెన్‌డ్రైవులోకి తీసుకొని ఉండవచ్చును. తాళము తెరవలేక ఇల్లు పడగొట్టినట్లయినది.

అందుచేత ఈనాడు మేము చెప్పదలచినది ఒక్కటే. పాస్‌వర్డు జ్ఞాపకమున్న రోజుననే మరపుకు ఏర్పాటు చేసుకోవాలి. మరచిన తరువాత మాత్రము తొందరపడి తుడిపించరాదు. మిగిలినదంతా దీనికి వివరణ.

అడ్మినిస్ట్రేటరు అనగా ఎవరు? మా ఆఫీసు మాటలలో చెబుతాము. టిక్కెట్టు గుమాస్తా తన పేరుతో, తన పాస్‌వర్డుతో యంత్రములోకి పోతాడు, టిక్కెట్టు ఇస్తాడు, డ్యూటీ దిగేటప్పుడు తన పద్దు మూసి వస్తాడు. ఛార్జీలు మార్చడము, కొత్త గుమాస్తాను చేర్చడము అతని చేతిలో లేదు. దానికి పై అధికారము వేరుగా ఉంటుంది. ఇంటి కంప్యూటరులోనూ అంతే. మామూలు ఖాతా గుమాస్తా వంటిది. చదువుకోవచ్చు, వ్రాసుకోవచ్చు, సినిమా చూడవచ్చు. చాలా ప్రోగ్రాములు ఎక్కించడము, మరొకరి పాస్‌వర్డు మార్చడము వంటివి అడ్మినిస్ట్రేటరు ఖాతాకే సాధ్యము. మామూలు ఖాతాలో ఉండి అటువంటి పని చేయబోతే తెర ఒక్కసారి మసకబారి, అడ్మినిస్ట్రేటరు పాస్‌వర్డు చెప్పుమని అడుగుతుంది. యంత్రములో అడ్మినిస్ట్రేటరు ఎవరూ మిగలకపోతే "అవును" అను మీట వెలిసిపోయి, నొక్కినా నొక్కబడదు. అప్పుడు జనులు యంత్రము చెడిపోయినదని అనుకొంటారు. చెడిపోలేదు, అధికారి లేడు, అంతే.

"మీకు కంప్యూటరు తెలుసు గదా, లోపల ఉన్న పాస్‌వర్డు చూచి చెప్పండి" అని చాలామంది అడుగుతారు. లోపల అది ఉండదు. దీనికి మన ఊరి పాల్కోవానే ఉపమానము. 2019 లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ కోవాను పాలు కాచి చేయవచ్చును గాని, కోవాను పిండి మరల పాలు తీయలేము. మనము పాస్‌వర్డు పెట్టినప్పుడు కంప్యూటరు దానిని కాచి కోవా చేసి, ఆ కోవాను మాత్రమే దాచుకొంటుంది. మరునాడు మనము కొట్టిన దానిని మరల అదే విధముగా కాచి, రెండు కోవాలూ ఒకటేనా అని చూస్తుంది. ఒకటే అయితే తలుపు తీస్తుంది. అందువల్ల అడ్మినిస్ట్రేటరైనా మీ పాత పాస్‌వర్డును చదివి చెప్పలేడు. దానిని తీసివేసి కొత్తది పెట్టగలడు.

ఈ జాగ్రత్త మొదటినుండి ఉన్నది కాదు. 1961 లో అమెరికాలో ఎం.ఐ.టి. అను విద్యాలయములో ఫెర్నాండో కార్బటో అను ఆయన, ఆయన తోటివారు ఒకే యంత్రమును పలువురు పంచుకొనే పద్ధతి కల్పించి, ఎవరి సొత్తు వారికి ఉండుటకై పాస్‌వర్డులు పెట్టినారు. ఆ పాస్‌వర్డులన్నీ ఒక ఫైలులో ఉన్నవి ఉన్నట్లే ఉండేవి. 1962 లో అలన్ షెర్ అను విద్యార్థి తనకు ఇచ్చిన యంత్రకాలము చాలక, ఆ ఫైలును అచ్చు వేయించుకొని ఇతరుల పాస్‌వర్డులతో పని చేసుకొన్నాడు. ఆ దశకములోనే మరొకసారి, అధికారులిద్దరు ఒకే సమయములో రెండు ఫైళ్ళు దిద్దుతుండగా అవి తారుమారై, లోపలికి వచ్చిన ప్రతివారికీ స్వాగతవాక్యము బదులు అందరి పాస్‌వర్డులూ కనబడినవి! ఇటువంటి అనుభవముల తరువాతనే ఈ కోవా పద్ధతి స్థిరపడినది. యూనిక్స్ యంత్రములలో అది నడిచిన తీరును రాబర్ట్ మోరిస్, కెన్ థాంప్సన్ అనువారు 1979 లో వ్రాసి ప్రకటించినారు. పాస్‌వర్డు చదవడము ఎవరికీ సాధ్యము కాకపోవడము లోపము కాదు, మన రక్షణ కొరకే.

ఇక తలుపు తెరుచుకోనప్పుడు చేయవలసిన పనులు వరుసగా చెబుతాము. ఈ వరుస ముఖ్యము. మొదటి మెట్టు దాటకుండా చివరి మెట్టుకు దూకరాదు.

మొదటిది, మీటలను చూడవలెను. పెద్ద అక్షరముల మీట నొక్కి ఉన్నదా? అంకెల మీట ఆరిపోయి ఉన్నదా? కీబోర్డు ఏ భాషలో ఉన్నది? ఈ మూడవ ప్రశ్న మనవంటి రెండు భాషల ఇండ్లకు మరీ ముఖ్యము. మొన్న ఒక అమ్మాయి పాత ఉచిత లాప్‌టాప్ ఒకటి తెచ్చినది. 2011 లో మొదలైన తమిళనాడు ప్రభుత్వ పథకములో విద్యార్థులకు ఇచ్చిన రకము. అన్న చదువు ముగించి చెన్నైకి పోయినాడు, లాప్‌టాప్ చెల్లెలికి వచ్చినది. అడ్మినిస్ట్రేటరు ఖాతా అన్నది. అన్న ఫోనులో పాస్‌వర్డు చెబుతున్నాడు, చెల్లెలు కొడుతున్నది, యంత్రము కాదంటున్నది.

"నేను చెప్పేది ఒకటి, నువ్వు కొట్టేది ఒకటి" అంటాడు అన్న.

"నువ్వు చెప్పిందే కొడుతున్నాను, నీకే మరపు వచ్చింది" అంటుంది చెల్లెలు.

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. కీబోర్డు తమిళములోకి మారి ఉన్నది. తెరమీద చుక్కలే కనబడతాయి గదా, అవి ఏ లిపి చుక్కలో ఎవరికి తెలుసు? విండోస్ మీట పట్టుకొని ఖాళీ మీట నొక్కితే భాష మారినది, తలుపు తెరుచుకొన్నది. ఆ యంత్రమును కూడ తుడిపించుటకు వారి నాయనగారు అప్పటికే సిద్ధపడి ఉన్నారు.

కొన్ని యంత్రములలో ఒక మీట అరిగి పలకకపోవచ్చును. పాస్‌వర్డు పక్కన కన్ను గుర్తు ఉంటే నొక్కి, కొట్టినది చదివి చూడండి. తెరమీద కనబడే కీబోర్డుతో కొట్టి చూడండి. కోపముతో వరుసగా కొట్టవద్దు. విండోస్ 11 లో 2022 నుండి, పదిమార్లు తప్పు కొడితే పది నిమిషములపాటు తలుపు మూసే ఏర్పాటు వచ్చినది.

రెండవది, యంత్రము అడుగుతున్నది పాస్‌వర్డునా, పిన్నునా అని చూడవలెను. పిన్ను ఆ ఒక్క యంత్రమునకే చెందినది. పాస్‌వర్డు ఖాతాకు చెందినది. సైన్-ఇన్ ఆప్షన్స్ అను చోట నొక్కితే రెండవ దారి కనబడుతుంది. పిన్ను మరచినవారు పాస్‌వర్డుతోను, పాస్‌వర్డు మరచినవారు పిన్నుతోను లోపలికి పోగలిగిన సందర్భములు మేము ఎన్నో చూచినాము.

మూడవది, ఖాతా ఏ రకము? పేరు కింద ఈమెయిలు ఉంటే అది మైక్రోసాఫ్టు ఖాతా. దాని పాస్‌వర్డును ఫోనునుండిగాని మరొక కంప్యూటరునుండిగాని మైక్రోసాఫ్టువారి సైటులో మార్చుకొనవచ్చును. అప్పుడు వారు ఒక సంకేత సంఖ్యను మీరు పూర్వము ఇచ్చిన ఫోనుకుగాని ఈమెయిలుకుగాని పంపుతారు. బదిలీల మీద ఊళ్ళు మారేవారు ఇక్కడ చిక్కుకొంటారు. ఊరు మారినప్పుడు సిమ్ము మార్చి, పాత నంబరు వదలివేస్తారు. ఆ సంఖ్య పాత నంబరుకు పోతుంది. ఆ నంబరు కొన్నాళ్ళకు ఎవరికో పోయి ఉంటుంది. కనుక నంబరు మార్చిన రోజే ఖాతాలోనూ మార్చవలెను. కొత్త పాస్‌వర్డు పెట్టిన తరువాత లాప్‌టాప్‌ను ఇంటర్నెట్టుకు కలిపితేగాని దానికి ఆ సంగతి తెలియదు.

ఈమెయిలు లేని ఖాతా లోకల్ ఖాతా. దానికి 2018 లో విండోస్ 10 లోనే మూడు రహస్య ప్రశ్నల పద్ధతి వచ్చినది. ఒకసారి తప్పు కొట్టగానే పాస్‌వర్డు మార్చుకొనే దారి కింద కనబడి, ఆ ప్రశ్నలు అడుగుతుంది. అంతకుముందునుండి ఉన్నది పెన్‌డ్రైవులో చేసుకొనే రీసెట్ డిస్కు. రెండూ ముందుగా చేసుకొన్నవారికే పనికివస్తాయి.

నాలుగవది, అదే యంత్రములో మరొక అడ్మినిస్ట్రేటరు ఉన్నారా? ఉంటే వారు తమ ఖాతాతో లోపలికి పోయి మీ లోకల్ ఖాతాకు కొత్త పాస్‌వర్డు పెట్టవచ్చును. అయితే ఇట్లు బయటివారు మార్చినప్పుడు, మీరు గుప్తీకరించి దాచుకొన్న ఫైళ్ళు, మీ ఖాతాలో దాచి ఉన్న ఇతర పాస్‌వర్డులు తెరుచుకోకుండా పోవచ్చును. ఆ సంగతి తెలిసి చేయవలెను.

ఇక్కడ ఒక పాత చిట్కాను గురించి చెప్పాలి. "సేఫ్ మోడులోకి పో, అడ్మినిస్ట్రేటరు అని కనబడుతుంది, పాస్‌వర్డు లేకుండానే తెరుచుకొంటుంది" అని మన పెద్ద పిల్లలు చెబుతూ ఉంటారు. 2001 లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ ఇంటిరకములో అది నిజమే. 2007 లో విస్టా వచ్చినప్పటినుండి ఆ ఖాతాను మొదటే మూసి పంపుతున్నారు. ఇప్పటి యంత్రములలో దానికై రాత్రంతా మేలుకోవడము వృథా.

అయిదవది, పై దారులన్నీ మూసుకొంటే, పాస్‌వర్డును పక్కన పెట్టి ముందు లోపలి సొత్తును బయటికి తీయవలెను. డిస్కుకు గుప్తీకరణ లేకపోతే, పెన్‌డ్రైవునుండి నడిచే లినక్సుతో యంత్రమును లేపి ఫైళ్ళు నకలు చేసుకొనవచ్చును. లేదా డిస్కును ఊడదీసి మరొక యంత్రమునకు తగిలించవచ్చును. ఇది తెలిసినవారి చేత చేయించవలెను. నకలు చేతికి వచ్చి, దానిని మరొక చోట తెరిచి చూచుకొన్న తరువాతనే తుడిచే మాట ఎత్తవలెను. దుకాణములో చెప్పవలసిన వాక్యము ఇది: "ఇందులోని ఫోటోలు, పాటలు, కాగితములు అన్నీ మాకు కావాలి, వాటిని తీసి ఇచ్చిన తరువాతనే ఏదైనా చేయండి." డేటా అను మాట మీద ఆధారపడవద్దు. ఒక కాగితము మీద వ్రాసి ఇవ్వండి.

డిస్కుకు గుప్తీకరణ ఉంటే మాత్రము కథ వేరు. బిట్‌లాకరు అను ఈ ఏర్పాటు కొత్త లాప్‌టాపులలో, 2024 లో వచ్చిన విండోస్ 11 కూర్పు నుండి మరీ ఎక్కువగా, మైక్రోసాఫ్టు ఖాతాతో మొదలుపెట్టినప్పుడు తనంతట తానే పడుతున్నది. దానికి 48 అంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. సాధారణముగా అది మీ మైక్రోసాఫ్టు ఖాతాలో దాచబడి ఉంటుంది. ఆ సంఖ్య లేకపోతే డిస్కును ఊడదీసినా, లినక్సు తెచ్చినా, ఎంత గొప్ప నిపుణుడు వచ్చినా లోపలిది అందదు. దొంగకు అందకూడదనే దానిని చేసినారు; మరచిన యజమానికీ దొంగకూ దానికి భేదము తెలియదు. ఇంటికి పోగానే ఆ 48 అంకెలు ఖాతాలో చూచి కాగితము మీద ఎక్కించుకోవలసినదిగా మా మనవి.

ఇంకొక మాట మొహమాటము లేకుండా చెప్పాలి. ఒకరోజు ఒకాయన తన భార్య లాప్‌టాప్ తెచ్చి, ఆమె ఊరికి పోయినది, దీనిని తెరిచి పెట్టుమన్నారు. "ఆమెకు ఒక్క ఫోను కొట్టి, మాతో చెప్పించండి" అన్నాము. ఆయనకు కోపము వచ్చినది, యంత్రము తీసుకొని వెళ్ళిపోయినారు. మేము చెప్పిన దారులన్నీ సొంతదారు కొరకు, సొంతదారు పోయిన తరువాత వారి వారసుల కొరకు. భర్తయినా, అన్నయినా, పక్కింటివారైనా, బ్రతికి ఉన్నవారి తలుపు వారి అనుమతితోనే తీయవలెను.

ఇప్పుడు ముందు జాగ్రత్తకు వద్దాము. రైల్వేలో సిగ్నళ్ళను నడిపించే రిలే గది ఒకటి ఉంటుంది. దానికి రెండు తాళములు. ఒక తాళపుచెవి స్టేషను మాస్టరు దగ్గర, రెండవది సిగ్నలు మెయిన్‌టెయినరు దగ్గర ఉంటుంది. ఇద్దరూ కలిస్తేనే గది తెరుచుకొంటుంది. ఎప్పుడు, ఎందుకు తెరిచినారో రిజిస్టరులో వ్రాయాలి. ఎంత నమ్మకస్తుడైనా ఒక్కని చేతిలో బండ్ల భద్రత పెట్టరాదని ఆ నియమము. మన ఇంటి కంప్యూటరుకు ఇద్దరూ కలిసి రానక్కరలేదు. కాని ఒక్కరు లేకపోయినా తెరవగల రెండవ మనిషి ఉండవలెను. ఒకరి మీదనే అంతా వదలరాదన్న ఆలోచన మాత్రము అదే.

చేయవలసినవి నాలుగే. ఒకటి, ఇంట్లో నమ్మకమైన ఇంకొకరి పేరుతో రెండవ అడ్మినిస్ట్రేటరు ఖాతా తెరవవలెను. రోజువారీ పనికి అందరూ మామూలు ఖాతానే వాడితే పిల్లలు తెలియక ఎక్కించే చెత్త కూడ తగ్గుతుంది. రెండు, పాస్‌వర్డులు, ఆ 48 అంకెలు ఒక కాగితము మీద వ్రాసి, కవరులో పెట్టి అంటించి, ఇంటి దస్తావేజులతో బీరువాలో పెట్టవలెను. వ్రాసి పెట్టడము తప్పని చిన్నప్పటినుండి విన్నాము. కంప్యూటరు పక్కన గోడకు అంటించడము తప్పే. బీరువాలో పెట్టడము తప్పు కాదు. పాస్‌వర్డులకు ఆద్యుడైన కార్బటోగారే, తనకున్న పాస్‌వర్డులు జ్ఞాపకముండక మూడు పేజీల టైపు కాగితము ఉంచుకొనేవాడినని 2014 లో ఒప్పుకొన్నారు. ఆయనకు తప్పనిది మనకు సిగ్గు ఎందుకు?

మూడు, పాస్‌వర్డు పొడుగ్గా, మీకు మరపు రానిదిగా ఉండవలెను. పిల్లల పేర్లు, బండి నంబర్లు, ఆండాళ్ అను మాట వద్దు. ఈ ఊరిలో అవి ఎవరైనా ముందు ఊహించేవి. మీ ఇంటివారికి తప్ప తెలియని ఒక తెలుగు ముచ్చటను నాలుగైదు మాటలలో ఇంగ్లీషు అక్షరములతో కొట్టండి. మూడు నెలలకొకసారి ఊరకే మార్చనక్కరలేదని అమెరికా ప్రమాణముల సంస్థవారే 2017 లో చెప్పినారు. ఊరకే మార్చి మార్చి మరచినవారే మా అరుగుమీద ఎక్కువ.

నాలుగు, విలువైనది ఏదైనా ఒక్క చోట ఉంచవద్దు. ఒక నకలు కంప్యూటరులో, ఒకటి విడి డిస్కులో, ఒకటి మరొక ఊరిలోని బంధువుల దగ్గర ఉండవలెను. విండోస్ 10 కు మామూలు మద్దతు 2025 అక్టోబరు 14 తో ముగిసినది గనుక చాలామంది యంత్రములు మారుస్తున్నారు. మార్చే ముందు పాతదానిలో ఏమున్నదో ఇంటిల్లిపాదీ కూర్చొని చూడండి.

పెద్దాయన భార్యగారి సంగతి చెప్పి ముగిస్తాము. దొరికిన తొమ్మిది పాటలు పెన్‌డ్రైవులో వేసుకొని ఆమెకు వినిపించుటకు వెళ్ళినాము. తప్పు మాదని చెప్పుకొన్నాము. ఆమె విన్నారు. నాలుగవ పాట సగములో తెగిపోయినది. మేము తలవంచుకొని కూర్చొన్నాము. ఆమె కాసేపు ఊరుకొని, ఆ పాట మిగిలిన చరణములు తానే పాడినారు. "ఇది మా అత్త పాట నాయనా. ఆయన పట్టుకొన్నది మా ఇంట్లోనే" అన్నారు.

అప్పటినుండి ప్రతి ఆదివారము ఆమె దగ్గరకు పోయి పాటలు పట్టుకొంటున్నాము. ఇప్పటికి ఇరవైమూడు అయినవి. మూడు చోట్ల మూడు నకళ్ళు ఉన్నవి. అడ్మినిస్ట్రేటర్లు ఇద్దరు, మేము ఒకరము, ఆమె మనుమరాలు ఒకతె. పాస్‌వర్డు ఉన్న కవరు మన సంఘము బీరువాలో ఉన్నది. పెద్దాయన తిరిగిన పల్లెలలో ఆ ముసలమ్మలు ఇంకా కొందరు ఉన్నారు. తిరగగల పిల్లలు ఈ సభలో ఉన్నారు.

ఈ సంవత్సరాదికి ఉగాది పచ్చడి తిన్న తరువాత, పంచాంగము విన్న తరువాత, ప్రతి ఇంటివారు ఒక పావుగంట కంప్యూటరు ముందు కూర్చొని, "మీరు లేనప్పుడు దీనిని ఎవరు తెరుస్తారు?" అన్న ప్రశ్నను పెద్దవారిని అడగండి. అశుభమని సందేహించవద్దు. మేము సందేహించి నష్టపోయినాము.

  తెరుచుకోని లాప్‌టాప్ ఉన్నవారు మా అరుగుకు ఎప్పటివలె రావచ్చును. తుడిపించక ముందు రండి.